ఒకటో నంబర్ ఫ్యాన్

29 మే, గురువారం

పేపర్లో రాజీవ్ ఫొటో పడింది. జుట్టుకు రంగు వేసి, చేతులు కట్టుకుని, ఎవరో పిలిస్తే ఇప్పుడే తిరిగి చూసినట్టు నవ్వుతున్నాడు. నారాయణగూడలో ఒక శిక్షణ సంస్థ కంపెనీల మేనేజర్లకు నాలుగు శనివారాల కోర్సు పెడుతోంది. సర్క్యులర్ ఎకానమీలో వ్యాపార నమూనాలు కట్టడం ఎలా అన్నది విషయం. వాడగా పాడైన సరుకును చెత్తకు పోనివ్వకుండా, తయారుచేసిన కంపెనీయే వాపసు తీసుకుని, బాగుచేసి, మళ్లీ గ్యారంటీతో అమ్మడమన్నమాట. ముఖ్య బోధకుడు రాజీవ్. పేరు కింద ఇలా వేశారు: "ముషీరాబాద్ వింధ్య ఫ్యాన్స్‌లో పాత ఫ్యాన్ల వాపసు పథకానికి రూపశిల్పి."

రూపశిల్పి! 1993 ఫిబ్రవరిలో ఆ పథకం మీద పదకొండు పేజీల నోట్ రాసింది ఆ కంపెనీ వర్క్స్ మేనేజర్ రామచంద్రరావు. అంటే నేను. వీడు ఆ మరుసటి ఏడు ట్రైనీగా చేరాడు. నా నోట్‌కు రంగురంగుల పటాలు తగిలించి బొంబాయి వెళ్లి డైరెక్టర్లకు చూపించాడు. వాడికి ప్రమోషన్ వచ్చింది. నాకు "మీ సహకారానికి ధన్యవాదాలు" అని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది.

కోర్సులో చేరుతున్నాను.

30 మే

మా ఆవిడ సుగుణకు చెప్పాను. ఉల్లిగడ్డలు కోస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"చదువుకోనీకి పోతున్నరా, కొట్లాటకు పోతున్నరా?"

"రెండింటికీ."

"డెబ్బై రెండేండ్లు మీకు. అశోక్‌నగర్ల పరీక్షలు రాసే పోరగాండ్లు చాలరని మీరు గూడ సంచి తగిలించుకుంటరా?"

"వాళ్లు ఉద్యోగం కోసం చదువుతారు. నేను న్యాయం కోసం."

"సరే, డబ్బా కడ్తా తియ్యి. న్యాయానికి గూడ ఆకలైతది."

7 జూన్, శనివారం

మూడో అంతస్తు, చల్లటి గది, ఇరవై ఆరు మంది. అందరి ముందూ ల్యాప్‌టాప్‌లు, నా ముందు నోటుబుక్కు. రాజీవ్ లోపలికి వచ్చి నన్ను చూశాడు. తర్వాత వాడు చేసింది చూస్తే ముప్పై ఏళ్లుగా ఎలా నెగ్గుకొచ్చాడో అర్థమైంది: సరాసరి వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. "నా గురువు గారు!" అన్నాడు క్లాసుతో. ఇక వాడి మీద ఏం చెప్పినా నేనే కుళ్లుబోతును.

పాఠం బాగానే చెప్పాడు. అబద్ధమెందుకు రాసుకోవాలి? "ఫ్యాన్ అమ్మకండి, గాలి అమ్మండి. ఫ్యాన్ ఎప్పటికీ మీదే. నెలనెలా గాలికి డబ్బు తీసుకోండి. అప్పుడు పాడవని ఫ్యాన్ ఎలా చేయాలో మీరే కనుక్కుంటారు" అన్నాడు. పిల్లలు రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

నన్నూ ఉదయశ్రీ అనే అమ్మాయినీ ఒక జట్టుగా వేశారు. మిక్సీలు చేసే కంపెనీలో సర్వీస్ విభాగం చూస్తుందట. వాపసు వచ్చిన మిక్సీలతో గోడౌన్ నిండిపోయింది, ఏం చేయాలో నేర్చుకుని రమ్మని పంపారట. ఇంత మందిలో నిజంగా అవసరం ఉండి వచ్చింది ఈ అమ్మాయి ఒక్కతే.

చివర్లో అసలు విషయం తెలిసింది. సంస్థ ఒక పుస్తకం అచ్చువేస్తోంది, కాలేజీల్లో పాఠంగా పెట్టడానికి. అందులో మొదటి పాఠం వింధ్య ఫ్యాన్స్ కథ. కోర్సు అయ్యేలోపు దాన్ని ఖరారు చేస్తారు.

నిలబడ్డాను. "ఆ నోట్ రాసింది నేను. పుస్తకంలో నా పేరుండాలి."

"తప్పకుండా సర్. నోట్ కాపీ ఏదైనా ఉందా మీ దగ్గర?"

కంపెనీ మూతపడ్డప్పుడు ఫైళ్లన్నీ తూకానికి పోయాయి. అది వాడికీ తెలుసు.

పక్కన ఉదయశ్రీ అడిగింది: "మరి అప్పుడు ఫ్యాన్లు బాగుచేసింది ఎవరు సర్?"

ఈరన్న అని మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన వైండర్ ఒకడు ఉండేవాడని, కాలిపోయిన మోటారులో కొత్త రాగి తీగ చుట్టడంలో మంచి పనిమంతుడని చెప్పాను. పథకం మొదలయ్యేనాటికి అతను మానేసి వెళ్లిపోయాడు.

9 జూన్

ఆధారం నా తల మీదే తిరుగుతోంది. ముందుగదిలోది పథకం కింద తయారైన ఒకటో నంబర్ ఫ్యాన్. డైరెక్టర్ ముందు తిప్పి చూపించిన నమూనా. రేకు మీద "1", కింద "1993" గుద్ది ఉంటుంది. కంపెనీ మూసేటప్పుడు తెచ్చుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విప్పాల్సిన పని పడలేదు.

11 జూన్

చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ దొరకలేదు. పేపరు బల్లల దగ్గర కూడా గ్రూప్స్‌కు చదివే పిల్లలే. నిలబడే ఒక పారిశ్రామికవేత్త ఆత్మకథ నలభై పేజీలు చదివాను. ఈ జాతి పుస్తకాలు వందకు తక్కువ చదివి ఉండను. "నేను చేసిన తప్పులు" అనే అధ్యాయం ప్రతిదాంట్లోనూ ఉంటుంది. అందులో ఎదుటివాళ్లను నమ్మడం తప్ప వేరే తప్పు కనిపించదు.

14 జూన్, శనివారం

ఈరోజు క్లాసంతా నావైపే తిరిగింది. సరుకు వాపసు రప్పించడమే ఈ వ్యాపారంలో కష్టమని రాజీవ్ చెప్పి, యాప్‌లు, కూపన్లు అంటూ బోర్డు నింపాడు. నేను లేచి చెప్పాను: "రాంనగర్‌లోనో నల్లకుంటలోనో ఇంటావిడ పాత ఫ్యాన్ ఎవరికి ఇస్తుంది? కూపన్ ఇచ్చినవాడికి ఇవ్వదు. రేపు మళ్లీ చెడిపోతే ఎవరి ఇంటి ముందు నిలబడి అరవొచ్చో వాడికి ఇస్తుంది." చప్పట్లు కొట్టారు. రాజీవ్ కూడా కొట్టాడు, చేతివేళ్లతో.

ఆ మాట నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

ఉదయశ్రీ వేరేది అడిగింది. "పథకం రెండేళ్లకే ఎందుకు ఆగిపోయింది?" చవక ఫ్యాన్లు మార్కెట్‌ను ముంచేశాయన్నాడు రాజీవ్. పైవాళ్లు నన్ను పక్కన పెట్టారు కాబట్టి అన్నాను నేను.

ఆ అమ్మాయి వదల్లేదు. "మనకిచ్చిన వింధ్య పాఠంల ఒక పట్టిక ఉంది సర్. బాగుచేసిన ఫ్యాన్లలో సగం ఏడాదిలోపే వాపసొచ్చినయి. వేడెక్కుతున్నయని ఫిర్యాదు. నమూనా ఫ్యాన్ వేడెక్కలేదని గూడ అండ్లనే ఉంది. మధ్యల ఏం మారింది?"

మారిందేమిటో నాకు తెలుసు. కాలిన తీగను తీయడానికి మా వాళ్లు మోటారును మంటలో పెట్టేవారు. తీగ ఊడొచ్చేది, లోపలి ఇనుము చెడేది. ఈరన్న మంట పెట్టేవాడు కాదు. ఒక పక్క కోసి, రెండో పక్కనుంచి కొక్కెంతో కొంచెం కొంచెంగా గుంజేవాడు. పథకం నాటికి అతన్ని తీసేశారు.

పనిమంతులను నిలుపుకోని కంపెనీలు ఇలాగే పోతాయి.

20 జూన్

ఫ్యాన్ దించాను. కరెంటు పని చేసేవాడొకడు వచ్చి సాయం పట్టాడు. "జూన్ నెలల ఫ్యాన్ దించేటోన్ని మొగుడంటరా?" అని సుగుణ పక్కింటివాళ్లకు వినబడేలా అన్నది.

21 జూన్, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ వారం పాఠం వస్తువును విప్పి చూడటం. పొద్దున రాజీవ్ "ప్రొడక్ట్ పాస్‌పోర్ట్" గురించి చెప్పాడు. ప్రతి వస్తువుకూ ఒక గుర్తింపు ఉండాలి. ఎప్పుడు తయారైంది, ఎన్నిసార్లు బాగుచేశారు, ఏం మార్చారు అన్నది దానితోపాటే తిరగాలి. విదేశాల్లో ఇప్పుడిప్పుడే వస్తోందట.

మధ్యాహ్నం నా ఫ్యాన్ బల్ల మీద పెట్టాను. రేకు మీది నంబరు, సంవత్సరం అందరికీ చూపించాను. ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. "విప్పండి" అన్నాను. నాకు భయమేముంది?

ఉదయశ్రీ స్క్రూలు తీసింది. కింది మూత ఊడి రాగానే దాన్ని తిరగేసి వెలుతురుకు పట్టుకుంది.

"సర్, లోపల మేకుతోని ఏదో గీకిన్రు."

ఆమే పైకి చదివింది. ఈరన్న. తీగ మందం. చుట్ల లెక్క. 12-3-91. దాని కింద ఇంకో తేదీ, 28-9-92, మళ్లీ చుట్ల లెక్క.

"అయ్యో, ఇదే కద సర్ పాస్‌పోర్ట్!" అని గట్టిగా నవ్వింది. గది మొత్తం లేచి వచ్చింది. రాజీవ్ మూత చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

తర్వాత ఆ అమ్మాయే, అమాయకంగా: "కని సర్, మీ నోట్ తొంభై మూడు గద. ఇది తొంభై ఒకటి. ఒకసారి ఇండ్లల్లకు పోయి, వాపసొచ్చి, మళ్ల బాగై పోయింది. అంటే పథకం అప్పటికే నడుస్తున్నట్టే గద?"

"ప్రయోగాలు ముందే మొదలుపెట్టించాను" అన్నాను. "లోపల అలా గీకమని చెప్పింది కూడా నేనే."

చప్పట్లు చాలాసేపు మోగాయి. పుస్తకంలో నా పేరు వేయడానికి ఇక అడ్డేమీ లేదని సంస్థ వాళ్లు అక్కడే చెప్పారు.

గెలిచాను.

22 జూన్

నమూనా కోసం ఆ ఫ్యాన్‌ను స్టోర్స్ నుంచి తెప్పించాను. స్టోర్స్‌లోకి ఎలా వచ్చిందో నేను అడగలేదు.

అడగాల్సిన పని లేదు, నాకు తెలుసు. దసరా ముందు గేటు దగ్గర ఈరన్న గోనెసంచిలో పట్టుబడ్డ మూడింటిలో అదొకటి.

23 జూన్

ఈరన్నను పనిలోంచి తీసేసింది నేను. కాగితం మీద సంతకం నాది. కారణం: రాగి దొంగతనం.

24 జూన్, మంగళవారం

రాంనగర్‌లో ఈరన్న దుకాణం ఎక్కడుందో నాకు పాతికేళ్లుగా తెలుసు. ఆ రోడ్డు మీదుగా వెళ్లను, అంతే. ఈరోజు వెళ్లాను.

బయట పాత మోటార్లు, లోపల ఒక బల్ల. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతులు మాత్రం అవే. కూతురు చంద్రిక తీగ చుట్టే మిషన్ మీద ఉంది. అతను కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు.

"రామచంద్రరావు సార్. కూసోండ్రి. ఏ ఫ్యాన్ ఖరాబైంది?"

సంచిలోంచి మూత తీసి బల్ల మీద పెట్టాను. గీతలను వేలితో తడిమి చూశాడు.

"చిక్కడపల్లిల తుల్జమ్మ ఇంటిది. రెండుసార్లు చేసిన. ఇంక తిరుగుతుందా?"

"మొన్నటిదాకా తిరిగింది."

"తిరుగుతది మరి. కాల్చలే గద. కాలిస్తే ఇనుము చస్తది సార్. నీకు చెప్పిన గద అప్పుడు, నీ కమ్రల. చాయ్ గూడ తాపిచ్చినవు."

తాగించాను. పారేసే మోటార్లను తనకిస్తే బాగుచేసి ఇళ్లకిస్తానని, చెడితే తన ఇంటి ముందుకొచ్చి అరవొచ్చని, మళ్లీ తనే తెచ్చుకుంటానని, ఇప్పటికే కొన్ని అలా తిప్పుతున్నానని చెప్పాడు. తుక్కుకు పోయేవే కదా, నాలుగు చేసి చూపించు, సాయంత్రం తీగకు వార్నిష్ పట్టించి మన ఓవెన్‌లోనే ఆరబెట్టుకో అన్నాను నేను. కాగితం రాయలేదు. ఆరబెట్టి పట్టుకెళ్తుంటే గేటు దగ్గర ఆపారు. జనరల్ మేనేజర్ నన్ను పిలిచి, అనుమతి ఇచ్చారా అని అడిగాడు. ఆ నెల నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీద ఉంది. ఇవ్వలేదన్నాను. ఈరన్న పక్కనే నిలబడి ఉన్నాడు.

పుస్తకం సంగతి చెప్పాను. అతని పేరు కూడా వేయిస్తానన్నాను.

"పేరు నాకెందుకు సార్? పేరు నేనే గీక్కున్న గద."

చంద్రిక మిషన్ ఆపింది.

"నాకు ఇంకోటి గావాలె. నేను దొంగను గాదని రాసియ్యి. మా ఊరోడొకడు కంపెనీల ఉండె, ఊరంత చెప్పిండు. ముప్పై ఏండ్లాయె, పెండ్లికి పోయినా చావుకు పోయినా ఎన్క నుంచి అదే మాట. నా అల్లుడు నగేష్ మంచోడే. కని కల్లు తాగినప్పుడు దీన్ని రాగి దొంగ బిడ్డ అంటడు. దీని కొడుకు ముంగటనే అంటడు."

"రాయడానికి నేను ఇప్పుడు కంపెనీ కాదు కదా ఈరన్నా."

"అప్పుడు రాసినప్పుడు కంపెనీ రాసిందా, నువ్వు రాసినవా?"

మూత అక్కడే వదిలేసి వచ్చాను. ఇంటికి నడిచే వచ్చాను. ఆటో వాళ్లు పిలిచినా ఎక్కలేదు.

26 జూన్, గురువారం

సాయంత్రం రాజీవ్ మిఠాయి డబ్బాతో ఇంటికి వచ్చాడు. ముందుగదిలో పైన ఉత్త కొక్కెం వేలాడుతోంది. సుగుణ అతనికి విసనకర్ర ఇచ్చింది, నవ్వకుండా.

"సర్, పాఠం పైన రెండు పేర్లు వేద్దాం. మీదే ముందు, తర్వాత నాది. ఈరన్న గురించి కూడా ఒక వాక్యం పెడదాం. 'నైపుణ్యం గల ఒక కార్మికుడి సహకారంతో' అని."

"ఈరన్న అని పేరు రాయొచ్చు కదా."

"పేరు రాస్తే వెతుకుతారు సర్. వెతికితే గేటు రిపోర్ట్ సంగతి బయటికొస్తుంది." విసురుకుంటూ చాలా మెత్తగా అన్నాడు. "తొంభై నాలుగులో మీ నోట్ ఉన్న ఫైల్‌లోనే నేను అది చదివాను. మూడు ఫ్యాన్లు జప్తు, ఒక మనిషి డిస్మిస్, మీ సంతకం. నాలుగు నెలలకు మీ నోట్. నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు సర్. అయినా ఆ రోజు మీరు చేసిందే తర్వాత నేను మీకు చేశాను. అందుకే మిమ్మల్ని గురువు గారు అన్నాను."

ముప్పై ఏళ్లుగా వాడి మీద కోపం పెంచుకున్నాను. వాడు నన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. తన జాతివాడినని ఇంతకాలం మర్యాద చేశాడు.

వాడు వెళ్లాక సుగుణ అడిగింది: "ఆయన అన్నది నిజమేనా?"

"నిజమే."

"ఆ ఫ్యాన్ కిందనే ముప్పై ఏండ్లు పండుకున్నమా మనం?" అని డబ్బా తీసుకెళ్లి పనిమనిషికి ఇచ్చేసింది.

27 జూన్

ఒకే పాఠం మీద వాడి పేరూ నా పేరూ. పైన నాది, కింద వాడిది. ఊహించుకుంటే ఒళ్లు మండుతోంది.

28 జూన్, శనివారం

ప్రతి జట్టుకూ పది నిమిషాలు. ఉదయశ్రీ తన మిక్సీల నమూనా చెప్పింది. వాపసు వచ్చినవి గోడౌన్‌లో పెట్టకుండా, బస్తీల్లో ఇప్పటికే రిపేర్లు చేస్తున్నవాళ్లకు కంపెనీ విడిభాగాలు, గ్యారంటీ ముద్ర ఇస్తుంది. ప్రతి మిక్సీ లోపల బాగుచేసినవాళ్ల పేరు, తేదీ ఉంటాయి. క్లాసు మొత్తంలో నిలబడే నమూనా అదొక్కటే.

మిగిలిన నాలుగు నిమిషాలు నేను తీసుకున్నాను.

"పోయిన శనివారం నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. పథకం ఈరన్నదని, నేను దాన్ని విని, నోటిమాటగా ఒప్పుకుని, అడిగినప్పుడు కాదన్నానని, అతన్ని దొంగగా రాసి పంపి, జప్తు చేసిన అతని ఫ్యాన్‌నే నా నమూనాగా చూపించానని చెప్పాను. మంట పెట్టకుండా తీగ తీసే చేతులను నేనే గేటు బయట పెట్టాను కాబట్టి పథకం చచ్చిందని, చవక ఫ్యాన్లకు దానితో సంబంధం లేదని చెప్పాను. "రూపశిల్పి నేను కాదు. ఈయన అసలే కాదు. ఈయన దొంగసొత్తును నా దగ్గర కొట్టేశాడు."

ఈసారి చప్పట్లు లేవు. రాజీవ్ మొహంలో నవ్వు అలాగే ఉంది, దాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు. అది చూడటానికి ఈ నాలుగు నిమిషాలు పెట్టానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. అందులో కొంత నిజముంది.

సంస్థ వాళ్లు మధ్యాహ్నానికే తేల్చేశారు. పుస్తకంలో వింధ్య పాఠం ఉండదు. దాని బదులు విదేశీ తివాచీల కంపెనీ కథ వేస్తారు. రాజీవ్ పేరు పోయింది, నా పేరూ పోయింది. అందరితోపాటు నాకూ సర్టిఫికెట్ ఇచ్చారు, హాజరైనందుకు.

మెట్ల దగ్గర ఉదయశ్రీ ఆపింది. "సర్, ఆ ఈరన్న గారి అడ్రస్ ఇస్తరా? మా కంపెనీ మొదటి వైండర్ ఆయనైతే బాగుంటది."

ఇచ్చాను. దారి కూడా బొమ్మ గీసి ఇచ్చాను.

30 జూన్

ఈరన్నకు ఇవ్వాల్సిన కాగితం ఐదుసార్లు రాశాను. మొదటిది మూడు పేజీలు వచ్చింది. అందులో రెండున్నర పేజీలు నా పరిస్థితుల గురించే. ఐదోది తొమ్మిది లైన్లు.

1 జూలై, మంగళవారం

రాంనగర్ వెళ్లాను. చినుకులు పడుతున్నాయి. దుకాణంలో మోటారు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, ఒక హోటలాయన కూర్చుని ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. ఈరన్న చెయ్యి చాపాడు. కాగితం అతని చేతిలో పెట్టాను.

చూసి, తిరిగి నాకే ఇచ్చాడు.

"నువ్వే సదువు సార్. జర గట్టిగ."

"నీకు చదవడం వచ్చు కదా."

"నాకొస్తది. వీళ్లు ఇనాలె గద."

చంద్రిక మిషన్ ఆపి, తిరుగుతున్న ఫ్యాన్ కూడా ఆపేసింది. నిలబడి చదివాను. 1992 అక్టోబరులో వింధ్య ఫ్యాన్స్‌లో వైండర్ ఈరన్న మీద నేను రాసింది అబద్ధం. మోటార్లు బయటికి తీసుకెళ్లడానికి ఒప్పుకున్నది నేను. అడిగినప్పుడు ఒప్పుకోలేదన్నాను. అతను రాగి గానీ మరేదీ గానీ దొంగిలించలేదు. పాత ఫ్యాన్లు వాపసు తీసుకుని బాగుచేసి తిప్పే పద్ధతి అతనిది, నేను నాదని చెప్పుకున్నాను. కింద నా పేరు, అప్పటి ఉద్యోగం, ఇప్పటి చిరునామా.

హోటలాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈయనేనా?" అని ఈరన్నను అడిగాడు. ఈరన్న తల ఊపాడు. ఆడవాళ్లలో పెద్దావిడ, "ముసలాయన, మంచినీళ్లన్న ఇయ్యుండ్రి" అన్నది. చంద్రిక గ్లాసు తెచ్చింది గానీ నా మొహం చూడలేదు.

తాగి, కాగితం మడిచి ఇవ్వబోయాను. ఈరన్న తీసుకోలేదు. వాన తుడుచుకుంటూ లోపలికి వస్తున్న మనిషిని చేయి పట్టి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"మా అల్లుడు నగేష్ ఇప్పుడే వచ్చిండు సార్. మొదటి నుంచి సదువు."

చదివాను.